బ్లీచింగ్ వెయ్యాల్సింది ఆఖరున

ప్రశ్న: మాది కొల్లిపర మండలంలో కరకట్టకు లోపల ఉన్న లంక ఊరు. నాలుగు వందల గడప. కృష్ణ వరద మూడు రోజులు ఊళ్ళోనే నిలిచింది, తీసి వారమైంది. ఊరికి ఒక బోరు, 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి కుళాయిలు ఉన్నాయి. రామాలయం దగ్గర ఒక చేతిపంపు, పాత ఒరల నుయ్యి ఉన్నాయి. బోరు దగ్గర స్టార్టరు పెట్టె మునిగింది, మార్చి మోటారు వేశారు. పంచాయతీకి రెండు బస్తాల బ్లీచింగ్ వస్తే నూతిలో నాలుగు డొక్కులు పోసి, కొంత రోడ్ల మీద చల్లాం. ఇంకా బస్తాన్నర ఉంది. కుళాయిల్లో నీళ్ళు ఇప్పటికీ కాస్త మట్టిరంగుగా, నీచు వాసనతో వస్తున్నాయి. ముగ్గురు పిల్లలకు విరేచనాలు. టిడిఎస్ మీటరు పెడితే 310 చూపిస్తోంది, నీళ్ళకేం పర్లేదని కుర్రాళ్ళంటున్నారు. బ్లీచింగ్ ఇంకా ఎంత వెయ్యాలి? ఎన్నాళ్ళకు తాగొచ్చు? (ఒక వార్డు సభ్యురాలు)

జవాబు: అమ్మా, కుళాయి నీళ్ళు, చేతిపంపు నీళ్ళు, నూతి నీళ్ళు, మూడూ ఇప్పటికి తాగడానికి పనికిరావు. రేపు పొద్దున పని మొదలుపెడితే కుళాయి నీళ్ళు నాలుగైదు రోజుల్లో దారికొస్తాయి, కానీ రెండుసార్లు పరీక్షలో శుభ్రమని తేలాకే తాగాలి, అంటే మొత్తం ఎనిమిది పది రోజులు. చేతిపంపు పనికి రెండు రోజులు చాలు. నూతి విషయంలో మాత్రం తొందరపడొద్దు, కారణం కింద చెబుతాం.

మీరు ఎంత వెయ్యాలని అడిగారు. అసలు చిక్కు ఎంత అన్నదాంట్లో లేదు, ఎప్పుడు అన్నదాంట్లో ఉంది. క్లోరిన్‌కు బురదా క్రిమీ తేడా తెలియదు, ఏది ముందు తగిలితే దానితోనే ఖర్చయిపోతుంది. ఒండ్రు, పేడ, కుళ్ళిన ఆకు ఉన్న నీళ్ళలో డొక్కులకొద్దీ పోసినా అదంతా చెత్తే తినేస్తుంది. దానికితోడు మట్టిరేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి. అందుకే ముందు తోడాలి, తర్వాత కడగాలి, నీళ్ళు తేటపడ్డాక బ్లీచింగ్ వెయ్యాలి. రోడ్ల మీద చల్లినది మాత్రం వృథా. మట్టి తగిలి, ఎండ తగిలి దాని బలం అక్కడే పోతుంది. ఫొటోలో తెల్లగా కనిపిస్తుంది, అంతే. మిగిలిన బస్తాన్నర దాచుకోండి. కింద చెప్పిన పనులన్నిటికీ, ఆపైన పదిహేను రోజుల వాడకానికీ కలిపి పదిహేను కిలోలకు మించి పట్టదు.

టిడిఎస్ మీటరును నమ్మి ఎవరూ తాగకండి. అది కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాలను. మురుగు కలిసిన నీళ్ళయినా లవణాలు తక్కువుంటే మంచి అంకే చూపిస్తుంది. నిజానికి వరదనీరు బోరులోకి దిగితే ఆ అంకె మామూలుకంటే తగ్గొచ్చు కూడా. క్రిములున్నాయో లేదో అది చెప్పలేదు.

పిల్లల సంగతి ఏఎన్ఎంకు ఇప్పుడే చెప్పండి. లీటరు మంచినీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం కలిపి కొంచెం కొంచెంగా పట్టించాలి. ప్యాకెట్టును సగం సగం చేసి గ్లాసులో కలపొద్దు, పాళ్ళు తప్పుతాయి. ఆ ముగ్గురు పిల్లల ఇళ్ళు ఏ వీధిలో ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. పైపు పని దగ్గర అది పనికొస్తుంది.

అప్పటిదాకా తాగే నీళ్ళు

నాలుగు వందల గడపంటే సుమారు పదహారు వందల మంది. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున 8 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. అన్ని అవసరాలకూ కలిపి కనీసం 15 లీటర్లు లెక్కేస్తే 24 వేలు, అంటే ఐదు ట్యాంకర్లు. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటును, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈని అడిగేటప్పుడు “నీళ్ళు పంపండి” అనకుండా “రోజుకు ఐదు, తక్కువలో తక్కువ రెండు” అని అంకెతో అడగండి. ట్యాంకరు నింపే చోటే 40 గ్రాముల బ్లీచింగ్ నీళ్ళలో కలిపి తేర్చి, ఆ తేటను పోస్తే ఊరు చేరేలోగా అరగంట గడిచిపోతుంది. కరకట్ట ఎక్కి దిగే కుదుపుకు బాగా కలుస్తుంది కూడా. ట్యాంకరు అంతకుముందు ఏం మోసిందో డ్రైవర్ని అడగడం మరిచిపోవద్దు.

ఇళ్ళలో వాడుకోవడానికి ఒక ద్రావణం తయారు చేసి పెట్టుకోండి. 40 గ్రాముల బ్లీచింగ్ కిరాణా కొట్టు తూకంలో తూయించి, ముందు కొద్ది నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, లీటరు దాకా నీళ్ళు పొయ్యండి. అరగంటకు సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేటను రంగు సీసాలోకి వంచుకొని, నీడన, పిల్లలకు అందని చోట పెట్టండి. ఒక వారం వాడొచ్చు. దగ్గుమందు సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్ల మూతతో ఒక మూత, 20 లీటర్ల నీళ్ళకు. కలిపి అరగంట ఆగాలి. మూత తీస్తే లీలగా క్లోరిన్ వాసన తగలాలి. తగలకపోతే ఇంకో మూత వేసి మళ్ళీ అరగంట. రెండోసారీ వాసన లేదంటే ఆ నీళ్ళు ఇంకా మురికిగా ఉన్నట్టే, తాగొద్దు. క్లోరిన్ బిళ్ళలు పంచితే అర గ్రాము బిళ్ళ 20 లీటర్లకు ఒకటి. ఏ బిందె ఎన్ని లీటర్లో ముందు కొలవండి. ఇంట్లో 20 లీటర్లనుకునే బిందె తరచు 12, 15 లీటర్లే పడుతుంది.

నీళ్ళు మట్టిగా ఉంటే ముందు నాలుగు మడతల పాత నూలుచీరలో వడగట్టి, పటిక వెయ్యాలి. పటిక మోతాదు ఊరూరికీ మారుతుంది. తేల్చుకోవడం సులువు. లీటరు నీళ్ళలో 10 గ్రాముల పటిక కరిగించండి. నాలుగు లీటరు సీసాల్లో ఆ మట్టినీళ్ళు నింపి వరసగా 2, 4, 6, 8 మిల్లీలీటర్ల పటికనీళ్ళు వేసి, ఒక నిమిషం జోరుగా, ఐదు నిమిషాలు మెల్లగా కలిపి వదిలెయ్యండి. గంటకల్లా ఏ సీసా తేటపడిందో, వాటిలో అన్నిటికన్నా తక్కువ మోతాదు ఏదో అదే మీ లెక్క. 4 మిల్లీలీటర్ల సీసా తేరితే 20 లీటర్లకు 80 మిల్లీలీటర్లు. ఎక్కువ వేస్తే ఎక్కువ తేరుతుందనుకోవడం పొరపాటు, మోతాదు దాటితే మళ్ళీ మబ్బుగా మారొచ్చు. పెద్దవాళ్ళు ఇండుపగింజ అరగదీసి వేసేవాళ్ళు. అదీ మట్టిని దించుతుంది గానీ క్రిమిని చంపదు. పటికైనా ఇండుపగింజైనా, తేరాక పైనీళ్ళు వంచుకొని అప్పుడే క్లోరిన్ వెయ్యాలి. కట్టెలు, గ్యాసు ఉన్నవాళ్ళు మరిగించడం మేలు. తెర్లు కాగిన తర్వాత ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచితే చాలు. కొన్ని క్రిములు క్లోరిన్‌కు లొంగవు, మరుగుకు లొంగుతాయి.

బ్లీచింగ్‌కు బలం ఉందా?

కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ నూటికి 33 పాళ్ళదాకా ఉంటుంది. తెరిచిన బస్తా, తేమ గది, వానాకాలం కలిస్తే అది పడిపోతూ పోతుంది. ఇక్కడ లెక్కలన్నీ 25 పాళ్ళని వేశాం. మీ బస్తా సంగతి ఇలా తేల్చుకోండి. వరద రాని ఊరి నుంచి 20 లీటర్ల ఆర్‌ఓ డబ్బా తెప్పించండి. విడిగా లీటరు ఆర్‌ఓ నీళ్ళలో 10 గ్రాముల బ్లీచింగ్ కలిపి తేర్చి, ఆ తేట 10 మిల్లీలీటర్లు డబ్బాలో కలపండి. క్లోరోస్కోపుతో (నీళ్ళలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో కొలిచే చిన్న పెట్టె) చూస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే లెక్క సరిపోయినట్టు. అర మిల్లీగ్రాము దగ్గరే ఆగితే ఇక్కడ చెప్పిన ప్రతి బ్లీచింగ్ అంకెనూ రెండున్నర రెట్లు చేసుకోండి. అంతకన్నా తక్కువైతే ఆ బస్తాను కాలవగట్టుకు, దొడ్లకు వాడుకోండి. గడ్డకట్టి, తడిసి, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేని పొడికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. పొడిని నేరుగా ట్యాంకులోనో బోరులోనో పోయొద్దు. ప్లాస్టిక్ బకెట్లో కలిపి తేర్చిన పైనీళ్ళే వాడాలి. అడుగు సున్నం బోరు జల్లెడలను, వాల్వులను పూడుస్తుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు ఉండాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను దాని దగ్గరికి రానీయొద్దు, రెండూ కలిస్తే విషవాయువు లేస్తుంది.

బోరు

భూమి లోపలి నీరు ఒక్కరోజులో పాడుకాదు. వరద దిగేది పైనుంచి. కేసింగ్ (బోరులో దించిన గొట్టం) మూతి, మోటారు వైరు దూరే కంత, చుట్టూ గచ్చు పగులు, ఇవే దారులు. అందుకే బోరు త్వరగానే కోలుకుంటుంది. స్టార్టరు మార్చి మోటారు వేశామన్నారు గదా, ఆ పని ఎవరు చేశారో గానీ మెగ్గర్ (కరెంటు బయటికి కారుతోందేమో చూసే మీటరు) పెట్టి చూడలేదంటే ఇప్పుడైనా చూపించండి. వైండింగ్‌కూ భూమికీ మధ్య 1 మెగాఓమ్‌కన్నా తక్కువ చూపిస్తే మోటారు ఆపెయ్యాలి. సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్ళలో ఉండేదే కాబట్టి దానికి మామూలుగా ఏం కాదు, ఎక్కువగా చెడేది పైనున్న కేబుల్ అతుకు. తడిసిన అతుకు కోసి కొత్తది వెయ్యాలి, ఎర్తింగ్ చూడాలి. బురదలో నిలబడి స్విచ్చి వేసే మనిషి ప్రాణం దీని మీదే ఉంటుంది.

తర్వాత ట్యాంకుకు వెళ్ళే వాల్వు కట్టేసి, బోరు నీళ్ళను బయటికి వదలండి. రెండు మూడు గంటలు. నీళ్ళు మళ్ళీ బోరు మొదట్లోకే చేరకుండా పైపుతో దూరంగా పల్లానికి తీసుకెళ్ళాలి. గాజు గ్లాసులో పట్టి వెలుగుకు ఎదురుగా చూస్తే మబ్బు కనిపించకూడదు. కంటికి మబ్బు తెలుస్తోందంటే సాధారణంగా 5 ఎన్‌టియు (నీటి మబ్బును కొలిచే లెక్క) దగ్గరో పైనో ఉన్నట్టు, దాని మీద క్లోరిన్ వెయ్యడం దండగ. రోజంతా తోడినా తేరకపోతే కేసింగ్ ఎక్కడో పగిలిందని అనుమానించాలి. అప్పుడు ఫ్లషింగ్ చేసే కంప్రెసర్ బండిని పిలిపించడమే.

తేరాక లెక్క. 150 మిల్లీమీటర్ల కేసింగ్‌లో మీటరు లోతుకు సుమారు 18 లీటర్ల నీరు ఉంటుంది. లోపల 30 మీటర్ల మేర నీరుంటే 540 లీటర్లు. చుట్టూ ఉన్న గులకరాయి పొర కూడా తాగుతుంది గనక వెయ్యి లీటర్లు అనుకోండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 400 గ్రాముల బ్లీచింగ్. దాన్ని రెండు బకెట్ల నీళ్ళలో తేర్చి, తేటను కేసింగ్‌లో పొయ్యాలి. మోటారు వేసి, వచ్చే నీళ్ళను గొట్టంతో మళ్ళీ అదే కేసింగ్‌లోకి అరగంట తిప్పండి. గోడలన్నీ తడవాలి, పైకొచ్చే నీళ్ళలో ఘాటు తగలాలి. ఆపేసి రాత్రంతా, కనీసం 12 గంటలు, కదపొద్దు. మర్నాడు వాసన పోయేదాకా బయటికి తోడి పారబొయ్యాలి. ఆ నీళ్ళు చేపల చెరువులోకి, పంట కాలవలోకి, అరటి మొదళ్ళలోకి వెళ్ళకుండా చూడండి.

ట్యాంకు, పైపులు

ట్యాంకు మునగలేదు కాబట్టి బాగుందనుకోవద్దు. మీరు మోటారు వేశారు, బోరు మట్టి పైకి ఎక్కింది. అదిప్పుడు ట్యాంకు అడుగున పడి ఉంటుంది. మీ కుళాయిల్లో వచ్చే నీచు వాసనలో దాని వాటా ఉంది. అడుగు వాల్వు తెరిచి ఖాళీ చేసి, ఒండ్రు గీకి తీయించాలి. తర్వాత 20 లీటర్ల బకెట్టుకు 16 గ్రాముల బ్లీచింగ్ తేటతో గోడలు, నిచ్చెన, మూత లోపలివైపు బ్రష్షుతో రుద్ది అరగంట ఆగి కడగాలి. లోపల క్లోరిన్ ఘాటు నిలుస్తుంది. మూతలన్నీ తెరిచి ఉంచి, ఒకరు లోపల, ఒకరు పైన ఉండాలి. పావుగంటకొకసారి మారాలి. నడుముకు తాడు లేకుండా ఎవరినీ దించొద్దు. గాలిగొట్టం జాలీ చిరిగి ఉంటే ఇప్పుడే మార్చేస్తే సరి.

ఇక పైపులు. ఊళ్ళలో అందరూ వదిలేసేది ఇదే, జబ్బు తిరగబెట్టేదీ ఇక్కడే. మూడు రోజులు ఒత్తిడి లేకుండా పైపులు ఖాళీగా ఉన్నాయి, వాటి చుట్టూ మురుగు నిలిచింది. సడలిన ప్రతి అతుకు, పగిలిన ప్రతి కనెక్షన్ పైపు, నీటిమట్టంకన్నా కిందున్న ప్రతి కుళాయి దాన్ని లోపలికి తీసుకుంది. మరుగుదొడ్ల గుంతలు కూడా ఆ మూడు రోజులూ నిండే ఉన్నాయని మరిచిపోవద్దు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో అతిసారం ప్రాణాలు తీసినప్పుడు వరదేమీ లేదు, తాగునీటి పైపులోకి మురుగు చేరింది, అంతే.

ముందు ఊరంతా నడిచి చూడండి. వాల్వు గుంతలన్నీ తెరిచి నీళ్ళు, బురద తోడించాలి. వాల్వు గుంతలో మురుగు నిలిచి ఉంటే, నీళ్ళు ఆపిన ప్రతిసారీ వాల్వు కాడ దగ్గర ప్యాకింగ్ సందులోంచి లోపలికి పీలుస్తుంది. పైపు కాలవను దాటే చోట్లు, తూముల కింద దూరే చోట్లు ఫిట్టరుకు తెలుసు, అక్కడ మొదట తవ్వించండి. కుళాయికి నేరుగా బిగించిన మోటార్లు తీయించక తప్పదు. ఒక ఇంట్లో మోటారు లాగితే పక్కింటి పగుల్లోంచి మురుగు వస్తుంది. మాట పడాల్సి వస్తుంది, అయినా ఈ నెల రోజులు పట్టు విడవొద్దు.

అతుకులు బాగయ్యాక, ట్యాంకు నిండా నింపి క్లోరిన్ లేకుండానే పైపులు కడగాలి. అన్ని వాల్వులూ కట్టేసి, ట్యాంకుకు దగ్గరున్న వీధి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వీధినే తెరిచి, ఆ చివరి కుళాయి లేదా వాష్‌అవుట్ (పైపులోని మురికి బయటికి వదిలే వాల్వు) పూర్తిగా తిప్పి, జోరుగా వదలాలి. అన్ని వీధులూ ఒకేసారి తెరిస్తే ఎక్కడా జోరుండదు, ఒండ్రు కదలదు. ప్రతి వీధిలో నీళ్ళు గ్లాసులో తేటగా వచ్చేదాకా ఇంకోదానికి పోవద్దు.

అప్పుడు బ్లీచింగ్. 110 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లు, 75 పైపులో దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది. పెద్ద పైపు అర కిలోమీటరు, చిన్నవి కిలోమీటరున్నర అనుకుంటే సుమారు 10 వేల లీటర్లు. వృథా కలుపుకొని ట్యాంకులో 15 వేల లీటర్లు పట్టి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వచ్చేలా 3 కిలోల బ్లీచింగ్ తేట కలపండి. సాయంత్రం వాల్వులు తెరిచి, ప్రతి చివరి కుళాయిలో ఘాటు వాసన వచ్చేదాకా పారించి, అన్నీ కట్టేసి పొద్దుటిదాకా ఉంచాలి. ఆ రాత్రి ఎవరూ కుళాయి తిప్పకూడదు. ముందురోజే మైకులో చెప్పించండి, పశువులకూ పెట్టొద్దని ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున మొత్తం పారబోసి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ట్యాంకు నింపుకోవాలి.

ఇక్కడినుంచి మామూలు మోతాదు. 40 వేల లీటర్ల ట్యాంకు నింపిన ప్రతిసారీ 320 గ్రాములు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు. నీళ్ళు ఎక్కేటప్పుడే సన్నగా పోస్తే బాగా కలుస్తుంది. నిండిన ట్యాంకు మీద పోస్తే ఒక మూలే నిలిచిపోయి, మొదటి వీధికి ఘాటు, చివరి వీధికి సున్నా అందుతాయి. వదిలే ముందు అరగంట ఆగాలి.

చివరి కుళాయి

మిగిలిన క్లోరిన్‌ను కొలవాల్సింది ట్యాంకు దగ్గర కాదు, దానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చివరి కుళాయి దగ్గర. మామూలు రోజుల్లో అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, వరద తర్వాత 0.5కు తగ్గకూడదు. 1 దాటక్కర్లేదు. క్లోరోస్కోపులో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసిన వెంటనే, పది సెకన్లలోపు రంగు చూసి రాసుకోవాలి. చాలామంది ఐదు నిమిషాలు ఆగి “బాగా పసుపెక్కింది” అంటారు. ఆ ఆలస్యపు పసుపు మురుగుతో కలిసి బలం తగ్గిన క్లోరిన్‌ది. నీళ్ళలో ఇనుము ఎక్కువున్నా కూడా పసుపు అబద్ధం చెబుతుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ బిళ్ళలు దొరికితే అవే మేలు.

ట్యాంకు దగ్గర 2 ఉండి చివరి కుళాయిలో సున్నా వస్తే బ్లీచింగ్ పెంచడం కాదు పరిష్కారం. మధ్యలో ఎక్కడో మురుగు దాన్ని తినేస్తోంది. ఊరి మధ్యలో ఒక కుళాయి చూడండి. అక్కడ ఉంటే పగులు అవతల సగంలో, లేకపోతే ఇవతల సగంలో. అలా సగం సగం చేస్తూ పోతే నాలుగైదు పరీక్షల్లో వీధి తేలుతుంది. విరేచనాలైన పిల్లల ఇళ్ళ కాగితం ఇప్పుడు తీయండి. రెండూ ఒకే చోటు చూపిస్తే అక్కడే తవ్వించండి.

క్లోరిన్ సరిపోయాక హెచ్‌టుఎస్ సీసా పరీక్ష (మురుగు క్రిములుంటే నీళ్ళు నల్లబడే సీసా) చెయ్యండి. నీళ్ళు నింపి వెచ్చగా 24 నుంచి 48 గంటలు ఉంచితే నల్లబడకూడదు. ప్రయోగశాలకు పంపాలంటే వాళ్ళిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో, వీలైతే ఆరు గంటల్లోపు చేర్చాలి. తెనాలి దాకా ఎండలో బండి మీద వెళ్ళిన సీసా ఫలితానికి విలువ ఉండదు. నూరు మిల్లీలీటర్లలో ఇ-కోలి (నీళ్ళలో మలం కలిసిందని చెప్పే క్రిమి) అసలు కనిపించకూడదు. రెండు రోజుల తేడాతో రెండుసార్లు శుభ్రమని వచ్చాకే కుళాయి నీళ్ళు తాగొచ్చని మైకులో చెప్పించండి. క్లోరిన్‌కు లొంగనివి కూడా ఉన్నాయి. పసుపు, కంద, అరటి తోటల్లోంచి కొట్టుకొచ్చిన పురుగుమందులు, ఎరువుల నైట్రేటు క్లోరిన్‌తోనూ పోవు, మరిగించినా పోవు. బోరు దగ్గర్లో మందుల డబ్బాలు, ఎరువుల బస్తాలు మునిగి ఉంటే ఆ మాట ప్రయోగశాలకు చెప్పి విడిగా చూపించండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, పాలడబ్బా పిల్లలున్న ఇళ్ళకు మరీ ముఖ్యం.

చేతిపంపు, నుయ్యి

చేతిపంపుకూ బోరు పద్ధతే. నిమిషానికి నలభై కొట్లు కొడితే సుమారు 12 లీటర్లు వస్తాయి. లోపలి నీరు మూడింతలు పోవాలంటే ఇద్దరు ముగ్గురు మారుతూ రెండు గంటలు కొట్టాలి. హెడ్డు విప్పి తేట పోసి, వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, మర్నాడు తోడెయ్యండి. హెడ్డు విప్పినప్పుడే గొలుసు, వాషర్లు చూడండి, ఒండ్రు పడితే వాషర్లు త్వరగా అరుగుతాయి. చుట్టూ గచ్చు పగిలి ఉంటే బాగు చేయకుండా క్లోరిన్ వేసినా లాభం లేదు. రెండు రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది.

నుయ్యి ఒక్కసారిగా పూర్తిగా తోడొద్దు. చుట్టూ నేల ఇంకా నానే ఉంది. లోపల నీరు తగ్గేసరికి బయటి నీటి ఒత్తిడికి ఒరలు లోపలికి కూలతాయి. ఊళ్ళో నీళ్ళు దిగి రెండు మూడు వారాలయ్యాక, రోజుకు కొంత చొప్పున తోడండి. డీజిల్ ఇంజిన్‌ను నూతిలోకి దించి తోడటం ప్రాణాంతకం, దాని పొగ అడుగునే నిలిచి దిగిన మనిషి పైకి రాడు. పూడిక తీయడానికి దిగే మనిషికి తాడు, పైన ఇద్దరు ఉండాలి. నీటి లెక్క అడుగుల్లో వెయ్యొచ్చు. వెడల్పును వెడల్పుతో, ఆపైన నీటిలోతుతో, ఆపైన 22తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల నీరైతే 14 వేల లీటర్లు. కడిగాక మొదటిసారి 2 కిలోల 800 గ్రాములు వేసి, 24 గంటలాగి తోడెయ్యాలి. తర్వాత వారం రోజులు, రాత్రి అందరూ తోడుకున్నాక 140 గ్రాములు. అంతవరకూ నుయ్యిని బట్టలకు, దొడ్డికి మాత్రమే వాడండి.

ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు ఉండి మునిగితే, దాని ఇసుక, కార్బన్ మార్చకుండా, ట్యాంకులు కడగకుండా డబ్బాలు అమ్మనీయొద్దు. ఆర్‌ఓ నీటిలో మిగిలిన క్లోరిన్ ఉండదు కాబట్టి మురికి డబ్బాలో పోస్తే ఆ మురికి నీటికీ అంటుతుంది. ముడినీటిలో క్లోరిన్ వేసేవాళ్ళు కార్బన్ దాటి ఆర్‌ఓ పొరకు అది చేరకుండా చూసుకోవాలి, పొర దెబ్బతింటుంది.

ఇంకొక పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఊళ్ళో గోడల మీద వరద గీత ఇంకా చెరగలేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయినప్పటి గీత ఎవరి గోడ మీదైనా ఉంటే దాన్నీ చూడండి. రెండింటిలో ఏది ఎత్తయితే దానికి అర మీటరు పైకి బోరు కేసింగ్ పెంచి మూత బిగించమని, స్టార్టరు పెట్టె, చేతిపంపు గచ్చు కూడా అంతకు పైకి లేపమని ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి. గోడలకు సున్నం వేసేలోగా ఆ గీతల మీద మేకు కొట్టి, ఎత్తు కొలిచి, పంచాయతీ రిజిస్టర్లో రాయించండి.